ముడి ఇంధనం

"నేటి నుంచి నాచారంలో చెత్త లేదు. ఉన్నదంతా ముడి ఇంధనమే!" అని శంకుస్థాపన సభలో మంత్రిగారు ప్రకటించగానే మా కాలనీవాళ్లమంతా నిలబడి చప్పట్లు కొట్టాం. కుర్చీలు వెయ్యలేదు కాబట్టి ముందు నుంచీ నిలబడే ఉన్నాం.

అది రెండువేల ఏడు, జూలై. మా ఇళ్ల వెనక చెత్త యార్డులో ఒక యంత్రం పెట్టారు. చెత్తను అందులో పోసి, గాలి చాలీచాలకుండా కాలిస్తే గ్యాసు వస్తుందట. ఆ గ్యాసుతో ఇంజను, ఇంజనుతో కరెంటు. ఇంజనీరు వంశీకృష్ణగారు ఇదంతా ఇంగ్లీషులో చెప్పారు. మా వార్డు నాయకుడు కొమురెల్లి తెలుగు చేశాడు: "మీరు అరటితొక్క పారేస్తే మీ ఇంట్ల ఫ్యాన్ తిరుగుతది!"

ఆ వారమే యార్డు చుట్టూ రేకులు కొట్టి గేటుకు తాళం వేశారు. పన్నెండేళ్లుగా ఆ కుప్పల్లో ప్లాస్టిక్కు, ఇనుము ఏరి అమ్ముకుని బతుకుతున్న సత్తమ్మ గోనెసంచితో గేటు బయట నిలబడిపోయింది.

"జర లోపటికి పోనీయన్నా. ఏరుకొని మళ్ల వస్త."

"ఏరుడు గీరుడు బంద్. అది గవర్నమెంటు ఇంధనం. ముట్టుకుంటే కేసైతది," అన్నాడు కొమురెల్లి. చట్టం మీద అతనికున్న గౌరవం చూసి నాకు ముచ్చటేసింది.

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు ట్రయల్ వేశారు. యంత్రం నల్లగా పొగ వదిలి, దగ్గి, ఆగిపోయింది.

"ఫీడ్‌స్టాక్‌లో మాయిశ్చర్ ఎక్కువుందండీ," అన్నారు వంశీకృష్ణగారు.

రేకుల సందులోంచి సత్తమ్మ అందుకుంది. "పచ్చిగున్నది సారూ. పాసిపోయిన అన్నం, వానకు నానిన బట్టలు... గది కాలదు. పొడిది వేరే ఏరాలె. నన్ను రానిస్తే నేనే ఏరి ఇస్త గదా!"

"కరెక్టండీ! ఆవిడ చెప్పేది సెగ్రిగేషన్!" అని ఇంజనీరుగారు గంతేసినంత పని చేశారు.

"గంత పెద్ద పని ఆమెకెట్ల ఇస్తం సార్? టెండర్ పిలవాలె," అన్నాడు కొమురెల్లి.

టెండరుకు టైము లేదు. వానాకాలంలో తడవని సరుకు నాచారం మొత్తంలో ఒక్కచోటే ఉందని ఆ రాత్రికల్లా అతనే కనిపెట్టాడు. మర్నాడు మా వార్డు ఆఫీసు నుంచి యార్డుకు ట్రాలీ ఆటో మూడు ట్రిప్పులు తిరిగింది.

ప్రారంభం దివ్యంగా జరిగింది. మంత్రిగారు మీట నొక్కారు. ఇంజను దడదడలాడింది. స్టేజీ మీద నూటొక్క బల్బులు ఒక్కసారిగా వెలిగాయి.

"పొగ లేదు, వాసన లేదు! ఏం క్వాలిటీ అయ్యా! ఇది ఏ కాలనీది?"

"అన్ని కాలనీలది సార్," అన్నాడు కొమురెల్లి.

అబద్ధమాడే మనిషి కాదు. నేను యంత్రం దగ్గరకు వెళ్లి చూశాను. పురికొసతో కట్టిన కాగితాల కట్టల్ని ఒక్కొక్కటే లోపలికి వేస్తున్నారు. 'డ్రైనేజీ' అయిపోయింది, 'మంచినీళ్లు' మండుతోంది. తరవాతి కట్ట 'వీధి దీపాలు'. పైనున్న అర్జీ కింద సంతకం నాదే. ఆరేళ్ల కిందటి మాట, అయినా దస్తూరి గుర్తుపట్టాను.

పదకొండు నిమిషాలు వెలుగు వచ్చింది. ఆరిపోయేసరికి మంత్రిగారు ఉప్పల్ దాటేశారు.

సోమవారం వార్డు ఆఫీసు ముందు బోర్డు పెట్టారు. 'ప్రజలు తమ అర్జీలను ఐదు ప్రతులలో, మందపాటి కాగితంపై సమర్పించవలెను. లామినేషన్ చేసినవి స్వీకరించబడవు.' ఒక ఆఫీసు నోరు తెరిచి మా కష్టాలు అడగడం అదే మొదలు. కాలనీ అంతా క్యూ కట్టింది.

సత్తమ్మ నా దగ్గరకు వచ్చింది. "గేటు లోపటికి రానియ్యమని రాయి సారూ. ఇంట్ల పొయ్యి ఎలగక నాలుగు దినాలాయె." రాసిచ్చాను, ఐదు ప్రతులూ. వేలిముద్రలు వేస్తూ అడిగింది. "ఈసారన్న తీసుకుంటరా?"

"తప్పకుండా తీసుకుంటారు," అన్నాను.

క్యూ చకచకా కదిలింది. కౌంటరులో గుమస్తా తారామణి సత్తమ్మ కాగితాలు అందుకుంది. చదవలేదు. బల్ల మీదున్న కాటాలో పెట్టింది. సత్తమ్మ అలవాటు కొద్దీ ముల్లు వైపు చూసింది.

"యాభై గ్రాములు గూడ లేదు," అని తారామణి కాగితాలు తిరిగి ఇచ్చేసింది. "గింత చిన్న బాధకు ఆఫీసు దాక ఎందుకొచ్చినవమ్మా?"