హిమజ పుట్టువెంట్రుకలు

కడప నుంచి రాయచోటి పోయే దారిలో ఉన్న జంతు ప్రదర్శనశాలకు హిమాలయాల నుంచి ఒక జడల బర్రె వేంచేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పేరు హిమజ. నేల తాకే జడలతో, ఏప్రిల్ నెల చూసుకుని మరీ వచ్చింది. లారీ దిగగానే ప్రదర్శనశాల బాగోగులు చూసే సంక్షేమ సంఘం అధ్యక్షుడు వీరేంద్ర దాన్ని పూలదండతోనూ ఉన్ని శాలువాతోనూ సత్కరించాడు. ఎండాకాలం ముహూర్తానికి పెళ్లికొడుకు కోటు తొడుక్కునే సీమలో ఇది ఎవరికీ వింతగా తోచలేదు.

ప్రదర్శనశాల అధికారి చంద్రమోహన్ ఆ సాయంత్రమే శాలువా తీసేశాడు. జడలు తీయడం మాత్రం అతని చేతిలో లేదు. బర్రె నాలుక వేలాడేసి రొప్పుతుంటే అతనికి అన్నం సహించేది కాదు. జుట్టు కత్తిరించకపోతే ప్రాణానికే ముప్పని సంఘం ముందు మొర పెట్టుకున్నాడు.

"జడలు తీసేస్తే జడల బర్రె యాడుంటాదప్పా? ఒట్టి బర్రె అయితాది" అన్నాడు వీరేంద్ర. "పైగా అది పైనుంచి వచ్చిన జుట్టు. పైనుంచే ఉత్తర్వు రావాల."

ఉత్తర్వు చలికాలానికల్లా తప్పక వస్తుందని పైవాళ్లు హామీ ఇచ్చారు. ఈలోపు సంఘం చేతులు కట్టుకుని కూర్చోలేదు. హిమజకు పుట్టింటి మీద బెంగ కలగకుండా దాని ఆవరణ గోడల మీద మంచుకొండలు గీయించింది. మధ్యాహ్నానికి ఆ కొండలు పెనంలా కాలేవి. రోజూ ఒక ట్యాంకరు నీళ్లు, రెండు కూలర్లు మంజూరయ్యాయి. మనుషులకు లేని సౌకర్యాలు జంతువుకు కల్పించామని వీరేంద్ర ప్రసంగించాడు. అందులో అబద్ధమేమీ లేదు, పక్కనున్న పల్లెకు ట్యాంకరు వచ్చి చాలా రోజులైంది.

ఎన్ని చేసినా ఒంటి మీద గొంగళి అలాగే ఉంటే ఏం లాభం? ఒకనాడు హిమజ ముంగాళ్లు మడిచి కూలబడింది. మేత ముట్టలేదు. చంద్రమోహన్ దాని తల మీద తడిగుడ్డ వేసి, పక్కనే కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. కళ్ల మీద పడుతున్న జుట్టును పక్కకు తోస్తుంటే అతనికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నేరుగా వీరేంద్ర ఇంటికి పోయాడు.

"సార్, హిమజకు ఇంకా పుట్టువెంట్రుకలు తీయలేదు."

వీరేంద్ర కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏమప్పా, మొదులే చెప్పగూడదా! ఇంత పెద్దదయినంక గూడా పుట్టువెంట్రుకలు పెట్టుకునుంటారా? అందుకే ఈ ఏడు వానల్లేవు!"

అంతే, పై ఉత్తర్వు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. దేవుడి పనికి అనుమతులేమిటి? మొక్కు అహోబిలం నరసింహస్వామికి అన్నారు. తొలి కత్తెర మేనమామ వేయాలి కనుక మేనమామ ఎవరన్న దానిపై సంఘంలో తీవ్రమైన చర్చ జరిగి, హిమజ తల్లికి తోడబుట్టినవాడు వీరేంద్రే అని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో మేనమామ బొమ్మ పెద్దదిగాను, మేనకోడలి బొమ్మ ఒక మూలన చిన్నదిగాను ఉన్నాయి.

ముహూర్తం వేళకు మేళం మోగింది. వీరేంద్ర మూడు కత్తెరలు వేసి, నాలుగు ఫొటోలకు నిలబడ్డాడు. మిగిలిన పని మంగలి గురుస్వామి పూర్తి చేశాడు. జుట్టు మూటను సంఘసభ్యులు ఏసీ కారులో అహోబిలం తీసుకుపోయారు. హిమజ లేచి ఒళ్లు విదిలించుకుని, బకెట్టు నీళ్లు తాగి, మేనమామ మెడలోని దండను నమిలేసింది. చంద్రమోహన్‌కు పట్టరాని సంతోషం కలిగింది. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

అయితే ఆదివారం వచ్చిన జనం మండిపడ్డారు. "దీన్ని చూసేదానికి టికెట్టా? ఇట్లాంటివి మా కొట్టంలో రెండుండాయి" అన్నారు. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. చూడబోతే ఇది బర్రెలాగే ఉందనీ, బర్రెలకు ఎండ అలవాటేననీ తేల్చి, ట్యాంకరునూ కూలర్లనూ రద్దు చేసింది.

చంద్రమోహన్ కడప బజారుకు పోయి సవరాలు కొన్నాడు. ఎవరో భక్తురాలు ఏదో కొండ మీద సమర్పించుకున్న జుట్టే అయి ఉంటుంది. వాటిని హిమజ మెడకూ నడుముకూ వదులుగా కట్టి, కొసలకు రిబ్బన్లు ముడివేశాడు. జనం మళ్లీ ఎగబడ్డారు. ట్యాంకరు వచ్చింది, కూలర్లు తిరిగాయి. మేనమామ చేతి చలవ వల్లే జుట్టు ఇంత త్వరగా మొలిచిందని వీరేంద్ర మైకులో చెప్పాడు, జనం చప్పట్లు కొట్టారు.

ప్రదర్శనశాలకు గడ్డిమోపులు వేసే హనుమమ్మ ఇదంతా గేటు బయట నిలబడి చూసింది. ఆమెది పక్కనున్న పల్లె. ఆమె బర్రె నాలుక వేలాడేసి, ట్యాంకరు నుంచి కారిన తడిని నాకుతూ ఉంది.

"సారూ, ఆ సవరం యాడ కొంటిరి?" అని అడిగింది. "మా బర్రెక్కూడా ఒకటి కట్టుకుంటా. మా పల్లెకు ట్యాంకరు రాక శానా దినాలాయ. దీని మొగం చూసన్నా వస్తాదేమో."

చంద్రమోహన్‌కు నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. అంగడి పేరు చెప్పాడు.

మరుసటి ఆదివారం గేటు ముందు జడలు వేలాడేసుకున్న బర్రెలు బారులు తీరాయి. జనం వాటితో సెల్ఫీలు దిగారు. ట్యాంకరు డ్రైవరు మర్యాదగా బండి ఆపి ప్రతి బర్రెకూ నీళ్లు పట్టాడు. వాటి వెనకాల బిందెలు పట్టుకుని పల్లె ఆడవాళ్లు నిలబడ్డారు. వాళ్ల జడలు సొంతవి. వాళ్ల దాకా నీళ్లు రాలేదు.