అరువు తుపాకీకి తలంటు

శనివారం పొద్దున థర్మన్ కాడిల్ పెట్టుకున్న పని ఒక్కటే. మామగారైన ఈస్టిల్ తుపాకీని శుభ్రం చేసి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన రాగానే చేతికివ్వడం. చిక్కుడు పాదుల్ని మొదలంటా కొరికేస్తున్న, పెద్ద పందికొక్కులాంటి గ్రౌండ్‌హాగ్ కోసం దాన్ని అరువు తెచ్చుకున్నాడు. తన సొంత తుపాకీ ఒకసారికి ఒక్క తూటాయే పట్టే పాతకాలపుది. రెండోది కూరేలోగా ఆ జంతువు బొరియలో దూరి ఓ కునుకు కూడా తీసేది. అరువుది ఇంటికొచ్చాక మాత్రం అది బయటికే రాలేదు.

ఆ కెంటకీ కొండల్లో అరువు తెచ్చిన వస్తువును తెచ్చినప్పటికన్నా బాగుచేసి ఇవ్వాలి. ట్రక్కు తెస్తే ట్యాంకు నింపి ఇస్తారు, గిన్నె తెస్తే ఏదో ఒకటి వండిపెట్టి ఇస్తారు. పైగా రెండు గంటలకు ఫైర్ స్టేషన్ వెనకాల పందెం. అట్ట మీద గీసిన చుక్కకు మనిషికి మూడు గుళ్లు. ఎవరివి దగ్గరగా పడితే వాళ్లకు ఉప్పులో ఊరేసి పొగబెట్టిన పంది తొడ. పదకొండేళ్లుగా ఈస్టిల్ ఆ తొడను ఇంకొకరి గుమ్మం ఎక్కనివ్వలేదు. మర్నాడు కూతుళ్లూ అల్లుళ్లూ భోజనానికి చేరేది దాని చుట్టూనే. కోసే కత్తి ఎప్పుడూ ఆయన చేతిలోనే.

"పైపైన తుడిచి ఇచ్చెయ్యవయ్యా," అంది భార్య నోరీన్, పొయ్యి మీద చిక్కుడు గింజలు కలుపుతూ. "మా నాన్న దాన్ని విప్పగా నేనెప్పుడూ చూళ్లేదు."

"అది తెలుస్తూనే ఉంది. లోపల మీ నాయనమ్మ పెనం అడుగులా ఉంది."

తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని మరలు విప్పాడు. మీట నొక్కినకొద్దీ తనంతట తనే మరో తూటా కూరుకునే రకం అది. ఆ సుఖానికి బదులుగా ప్రతి గుండు మసినీ, దాని మీద పూసిన మైనాన్నీ సగం కడుపులోనే దాచుకుంటుంది. ఇరవై రెండేళ్ల మసి గోటికి రాలేదు, పళ్ల బ్రష్‌కి రాలేదు. కాస్త గట్టిగా గీకేసరికి లోపలి స్ప్రింగు టింగుమని ఎగిరి వంటగదిలో ఎక్కడో మాయమైంది.

ఫ్రిజ్ జరిపాడు. చీపురుకట్టతో బల్లకింద ఊడ్చాడు. ఇల్లు ఊడ్చే మిషను సంచి కాగితం మీద బోర్లించి, వారం రోజుల దుమ్ము వేళ్లతో వెతికాడు. అప్పుడు చూశాడు, గింజల గిన్నెకు మూత లేదు. పంది తొడతో మామగారు దిగిన ఫోటోను ఫ్రిజ్‌కి పట్టి ఉంచిన అయస్కాంతం తీసి, దారం కట్టి గిన్నెలోకి దించాడు.

పెరట్లోంచి వచ్చిన నోరీన్ గుమ్మంలో ఆగిపోయింది. "ఏం చేస్తున్నావు?"

"మీ నాన్న స్ప్రింగు కోసం."

"అవి ఫైర్ స్టేషన్‌లో నలభై మంది తినే గింజలు."

"అందుకే కదా వెతుకుతున్నా."

నిచ్చెన అడగడానికొచ్చిన పక్కింటి డాయల్ సంగతి విని, నిచ్చెన మాట మరిచి కుర్చీ లాక్కున్నాడు. "ఇటియ్యరా, చిటికెలో పని," అంటూ ఓ సీల నెట్టాడు. ఐదు ముక్కలు ఒళ్లో రాలాయి.

"ఇందాక ఇలా లేదురా."

"ఇందాక నేను చెయ్యి పెట్టలేదుగా."

"నువ్విలాంటిది ముందెప్పుడైనా విప్పావా?"

"విప్పకేం. బిగించింది మా బావమరిది."

స్ప్రింగు చివరికి థర్మన్ ప్యాంటు మడతలోనే దొరికింది. మూడుసార్లు బిగిస్తే మూడుసార్లూ ఒక సీల మిగిలింది. నాలుగోసారి ఏమీ మిగల్లేదు. అదెలా జరిగిందో ఇద్దరికీ తెలీదు. ఇంత చేసి గొట్టం వదిలేస్తే ఏం బావుంటుందని, మసి కరిగించే మందు పోసి గుడ్డముక్క తెల్లగా బయటికొచ్చేదాకా ముప్పై గుడ్డలు దూర్చాడు. ఒంటిగంటకు ఈస్టిల్ వచ్చి, తుపాకీ పుచ్చుకుని, ముక్కు కాస్త ఎగబీల్చి, ట్రక్కు ఎక్కాడు.

పందెంలో ఆయన మొదటి గుండు చుక్కకు జానెడు కిందపడింది. రెండోది జానెడు పైన. మూడోది అట్టనే ముట్టుకోలేదు. ఈస్టిల్ తుపాకీ తెరిచి వాసన చూశాడు.

"అల్లుడూ, గొట్టం కూడా తోమావా?"

"ముఖ్యంగా గొట్టమే మామయ్యా."

"మసి పట్టి ఉంటేనే దీనికి చూపు. మళ్లీ దారిలో పడాలంటే రెండొందల గుళ్లు కాల్చాలి." ఆయన టోపీ సర్దుకున్నాడు. "నీకది తెలీదని నాకు తెలీదు."

థర్మన్ వంతు వచ్చింది. మామగారింటికి వెళ్లే పంది తొడ తను గెలిస్తే మర్నాడు భోజనానికి ఏ మొహంతో వెళ్లాలి? పెళ్లినాటినుంచీ గుడ్డముక్క ఎరగని సొంత తుపాకీ తీసుకుని, ఓడిపోదామనే చుక్కను వదిలి అట్ట కుడి అంచుకు గురిపెట్టాడు. మూడు గుళ్లూ వెళ్లి చుక్కలో ఒకే కన్నంలో దూరాయి. తన తుపాకీ ఎంత ఎడమకు కొడుతుందో, గ్రౌండ్‌హాగ్ ఇన్నాళ్లూ ఎలా బతికిందో అతనికి అప్పుడు తెలిసింది.

ఆదివారం బల్ల దగ్గర ఈస్టిల్ కత్తి తీసి పిడివైపు అల్లుడికి అందించాడు. థర్మన్ కోసిన మొదటి ముక్క ఒకవైపు అరిటాకులా, ఇంకోవైపు ఇటుకలా వచ్చింది. అందరూ మర్యాదగా పళ్లేలు చాచారు.

"వచ్చే శనివారం లోయ అవతలి ఊళ్లో పందెం ఉంది," అన్నాడు ఈస్టిల్. "నీ తుపాకీ ఓసారి ఇస్తావా?"

"నీదే అనుకో మామయ్యా," అన్నాడు థర్మన్. అతని ప్రాణం లేచొచ్చింది.

అల్లుడు చెప్పినట్టే అట్ట కుడి అంచుకు గురిపెట్టి, ఆ ఊరి పంది తొడ ఈస్టిల్ తెచ్చేసుకున్నాడు. సోమవారం పొద్దున తుపాకీని కొత్త గుడ్డలో చుట్టి తెచ్చి, అల్లుడి చేతుల్లో పెట్టాడు. థర్మన్ గొట్టంలోకి చూశాడు. అద్దంలా మెరుస్తోంది.

"అరువు తెచ్చింది ఎలా తిరిగివ్వాలో నాకూ తెలుసు అల్లుడూ," అన్నాడు ఈస్టిల్.

ఆ ఏడు గ్రౌండ్‌హాగ్ చిక్కుడు పాదులు ముగించి గుమ్మడి పాదుల పని కూడా పట్టింది.