సామర్లకోటలో తొలి పురుగు రహిత గృహం

వచ్చే కార్తీక పౌర్ణమి నాటికి రాష్ట్రంలో ఏ ఇంట్లోనూ ఒక్క ఎలుక గానీ, బొద్దింక గానీ, జెర్రి గానీ ఉండబోదని గృహక్షేమ శాఖ మంత్రిగారు కాకినాడ సభలో ప్రకటించారు. "గడప రక్ష" అని పథకానికి పేరు కూడా ఆయనే స్వయంగా పెట్టారు. ఇన్నేళ్ళుగా వచ్చిన ప్రభుత్వాలు పురుగులతో లాలూచీ పడ్డాయనీ, తమ ప్రభుత్వం పడదనీ, పురుగు ఏ పార్టీదైనా వదిలేది లేదనీ ఆయన అనగా వేదిక మీదున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎలుక పురుగెలా అవుతుందని ఎవరో విలేకరి అడిగాడు. జీవో ప్రకారం అవుతుందని మంత్రిగారు ఓపిగ్గా చెప్పారు.

ఆ వార్తను సామర్లకోటలో పప్పుల వ్యాపారి గున్నేశ్వరరావు రెండుసార్లు చదివి, "మంచి పథకం," అన్నాడు.

ఆయన భార్య సత్యవాణి అప్పుడు దొడ్లో తూముకి ఇనప జాలీ బిగిస్తోంది. "మంచిదేలెండి. మనింట్లో లేవుగా," అంది.

అది నిజమే. వానలు వెనకబట్టి, కోతలకని చేలల్లో నీళ్ళు తీసేసే రోజులొచ్చాయంటే ఎలుకలన్నీ ఊళ్ళోకి బయల్దేరతాయి. సత్యవాణి అంతకు పదిహేను రోజుల ముందే పనిలోకి దిగుతుంది. గోడ కన్నాల్లో గాజుపెంకులు కుక్కి పైన సిమెంటు మెత్తుతుంది. తలుపుల కింద సందులకి పాత సైకిల్ ట్యూబు కోసి పట్టీ కొడుతుంది. దీపం పురుగులు మూగకుండా సాయంత్రం ఆరింటికల్లా వరండా లైటు ఆర్పేస్తుంది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో కందిపప్పు, మినప్పప్పు బస్తాలుండే గది. ఆవిడ కాపరానికొచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో ఒక్క బస్తాకి చిల్లు పడలేదు. రావులపాలెం నుంచి కూడా ఆ కొట్టుకి బేరాలొస్తాయంటే కారణం అదే. గున్నేశ్వరరావు మాత్రం అది తన మాట మంచితనం వల్లనుకునేవాడు.

వారం తిరక్కుండా గడప రక్ష ప్రోగ్రాం ఆఫీసరు ఉదయ్‌కుమార్ ట్యాబు పట్టుకుని వచ్చాడు. బస్తాల గది, వంటగది, అటక అన్నీ చూశాడు. చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఊళ్ళో పదకొండొందల ఇళ్ళు సర్వే చేశామండి. జీరో వచ్చింది మీ ఒక్క ఇంట్లోనే. మొట్టమొదటి పురుగు రహిత గృహంగా మీ ఇంటిని మంత్రిగారి చేతుల మీదుగా ప్రకటిద్దామనుకుంటున్నాం. ఫ్లెక్సీలో మీ ఫొటో ఉంటుంది."

"ఎక్కడ?" అన్నాడు గున్నేశ్వరరావు.

"మంత్రిగారి పక్కనండి. మధ్యలో ఒక్క ఎమ్మెల్యే గారు."

వర్తక సంఘం ఎన్నికల్లో రెండుసార్లు కార్యదర్శిగా నిలబడి రెండుసార్లూ ఓడిపోయిన మనిషి గున్నేశ్వరరావు. ఆయన వెంటనే లోపలికి కేకేశాడు. ఉదయ్‌కుమార్‌కి జీడిపప్పు పెట్టించాడు.

మర్నాడు పొద్దున్నే ఉదయ్‌కుమార్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మొహంలో కళ లేదు.

"చిన్న టెక్నికల్ సమస్య వచ్చిందండి. యాప్‌లో 'ముందు', 'తర్వాత' అని రెండు కాలమ్స్ ఉన్నాయి. 'ముందు' కాలమ్‌లో జీరో కొడితే తీసుకోవట్లేదు, ఎర్రగా వస్తోంది. కనీసం మూడు రకాలుండాలి. ఫొటోలతో."

"లేవు కదండీ," అంది సత్యవాణి.

"అదేనమ్మగారూ సమస్య. ముందు లేకపోతే శాఖ తరిమిందేంటని పైన అడుగుతున్నారు."

"పక్కింట్లో బోలెడున్నాయి. అక్కడ తీసుకోండి ఫొటో."

"జియో ట్యాగింగమ్మా. మీ ఇంట్లోనే ఉండాలి." ఉదయ్‌కుమార్ గున్నేశ్వరరావు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మేమే తెస్తామండి. మీకే శ్రమా ఉండదు. ఒక్క పూట."

"తెచ్చినవాటిని మళ్ళీ పట్టుకెళ్తారా?" అంది సత్యవాణి.

ఉదయ్‌కుమార్ ట్యాబులో వెతికి చూశాడు. నిజాయితీ గల ఉద్యోగి, అబద్ధం చెప్పలేదు. "విడుదల ఫేజ్ వన్‌లో ఉందండి. పట్టుకోవడం ఫేజ్ టూలో పెట్టారు. ఫేజ్ టూకి ఇంకా శాంక్షన్ రాలేదు."

సత్యవాణి భర్త వైపు చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. ఫ్లెక్సీ కొట్టు ముందు కట్టించాలా, స్టేషన్ రోడ్డు మలుపులోనా అని ఆలోచిస్తున్నట్టు ఆవిడకి తెలిసిపోయింది.

"ఒక్క పూటే కదే," అన్నాడు చివరికి. "మంత్రిగారు మనింటికొస్తున్నారు."

ఆవిడ లేచింది. లోపలికెళ్ళి, బస్తాల గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

శాఖ చురుగ్గా కదిలింది. బొద్దింకల కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది, శాఖ వారి రికార్డు గదిలోనే దొరికాయి. మూడో రకం దీపం పురుగులు. వరండా లైటు వేస్తే అవే వస్తాయని, మంత్రిగారు వచ్చే ముందురోజు సాయంత్రం లైటు ఆర్పవద్దని సత్యవాణికి లిఖితపూర్వకంగా నోటీసిచ్చారు. ఎలుకలకి మాత్రం టెండరు పిలవాల్సొచ్చింది. చేలల్లో వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే వీరబ్రహ్మానికి అది దక్కింది. ఆయన ఐదు ఎలుకల్ని బుట్టల్లో తెచ్చి ఉదయ్‌కుమార్ ముందు పెట్టాడు.

"ఇవిగోనండి. ఎక్కడ చంపమంటారు?"

"చంపడం కాదు, వదలాలి. హాల్లో."

వీరబ్రహ్మం తల గోక్కున్నాడు. "ముప్పై ఏళ్ళ నుంచి పడుతున్నానండి. వదలడం నాకు రాదండి, ఆయ్."

"నేర్చుకో. స్కిల్ డెవలప్‌మెంట్ కింద రాసుకుంటాం."

ఆ రోజు రానే వచ్చింది. పదింటికి రావాల్సిన మంత్రిగారు పన్నెండున్నరకి వచ్చారు. వీధికి అడ్డంగా షామియానా, డప్పులు, గుమ్మానికి అరటి బోదెలు. గుమ్మం ఫొటోలో గడప సరిగ్గా కనబడట్లేదని శాఖ ఫొటోగ్రాఫరు అంటే, తలుపు కింద ట్యూబు పట్టీ పీకించేశారు. గాలాడక ఎమ్మెల్యే గారికి ఇబ్బందిగా ఉందంటే తూము జాలీ కూడా తీయించారు. బస్తాల గదికి తాళం ఉండటం చూసి, ప్రభుత్వం దగ్గర దాపరికం ఏంటని ఉదయ్‌కుమార్ నొచ్చుకున్నాడు. గున్నేశ్వరరావు భార్య దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. ఆవిడ తాళంచెవి ఆ చేతిలో పెట్టి, తన చెయ్యి చీరకి తుడుచుకుంది.

వీరబ్రహ్మం బుట్టలు తెరిచాడు. నేర్చుకున్నంతలో బాగానే వదిలాడు. ఫొటోగ్రాఫరు ఐదింటికీ ఫొటోలు తీశాడు. బొద్దింకల్ని విడిచారు. లైటు చుట్టూ రాత్రి రాలిపడ్డ దీపం పురుగుల్ని చీపురుతో కుప్ప చేశారు. యాప్ పచ్చగా మారింది. శాఖ సిబ్బంది చప్పట్లు కొట్టారు.

మంత్రిగారు రిబ్బను కట్టిన కొత్త చీపురు అందుకుని గడప మీద మూడుసార్లు ఊడ్చారు. ఆ తర్వాత పన్నెండు నిమిషాలు మాట్లాడారు. గున్నేశ్వరరావు లాంటి చైతన్యవంతుడైన గృహస్థు ప్రతి వీధికీ ఒకడుండాలన్నారు. సర్టిఫికెట్ చదువుతూ "పురుగు అన్నది లేకుండా" అనే చోటికి వచ్చేసరికి ఎలుకొకటి ఆయన చెప్పు మీదుగా వెళ్ళింది.

మంత్రిగారు కాగితం దించారు. "ఇదేంటయ్యా?"

"అది 'ముందు' ఎలుకండి," అన్నాడు ఉదయ్‌కుమార్.

"ఓహో," అని మంత్రిగారు మిగతాది చదివి ముగించారు.

ఇత్తడి రేకు మీద చెక్కిన ధ్రువపత్రాన్ని ద్వారబంధం పక్కన గోడకి బిగించారు. అందుకు డ్రిల్లుతో నాలుగు కన్నాలు వేసి, వాటిలో రెండు సరిగ్గా కుదరక పక్కన మరో రెండు వేశారు. మంత్రిగారు కారెక్కుతూ గున్నేశ్వరరావు భుజం తట్టారు. ఆ భుజాన్ని ఆయన ఆ పూటంతా ఎవర్నీ తాకనివ్వలేదు.

మూడో రోజు గున్నేశ్వరరావు కందిపప్పు బస్తా కదిపితే అడుగునించి పప్పు జలజలా కారింది. దాని పక్కది చూశాడు, అదీ అంతే. నాలుగో బస్తాకీ చిల్లే. గది నిండా ఎలుక కంపు. ఆ వాసన ఆ ఇంట్లో ఆయన ఎన్నడూ ఎరగడు. అయిదో రోజున రావులపాలెం బేరగాడు గుప్పెడు పప్పు తీసి చూసి, మళ్ళీ బస్తాలో పోసి వెళ్ళిపోయాడు.

గున్నేశ్వరరావు యాప్‌లో ఫిర్యాదు పెట్టాడు. క్షణంలో జవాబొచ్చింది. "మీ గృహం పురుగు రహితమని ధ్రువీకరించబడినది. కావున మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. సేవకు రేటింగ్ ఇవ్వండి."

ఆఫీసుకి వెళ్ళాడు. ఉదయ్‌కుమార్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మీ ఇంట్లో ఎలుకలున్నాయని నేను రాస్తే ఏమవుతుందండీ? మంత్రిగారు సంతకం పెట్టింది అబద్ధం అవుతుంది. మీ ఫొటో ఉన్న ఫ్లెక్సీ కూడా అబద్ధం అవుతుంది."

"మరి నన్నేం చేయమంటారు?"

"అవి మీ ఇంట్లో ఉన్నాయనకండి. వచ్చి వెళ్తున్నాయనండి."

ఇంటికొచ్చేసరికి సత్యవాణి బస్తాల గదిలో నేల మీద కూర్చుని పాడైన పప్పు ఏరుతోంది. పక్కన సిమెంటు తట్ట, గాజుపెంకులు ఉన్నాయి. తిడుతుందేమోనని ఆయన గుమ్మంలోనే ఆగాడు. ఆవిడ సిమెంటు తట్ట దారికి అడ్డం లేకుండా పక్కకి జరిపింది. 

"తప్పయిపోయిందే," అన్నాడు.

"ఆ చొక్కా విప్పి రండి. అటు పక్క బస్తాలు ఎండలో వేయాలి."

ఆయన చొక్కా విప్పి దిగాడు. వర్తక సంఘంలో ఎవరూ ఆయన్ని అంతకు ముందు బస్తా మోస్తుండగా చూడలేదు. వీరబ్రహ్మాన్ని సత్యవాణే కబురు పెట్టి పిలిపించింది. నాలుగు రోజులు బుట్టలు పెడితే తొమ్మిది ఎలుకలు పడ్డాయి.

"ఐదేగా వదిలావు?" అన్నాడు గున్నేశ్వరరావు.

"నావి ఐదేనండి, ఆయ్. మిగతావి మంత్రిగారి సభకని వచ్చుంటాయి."

కన్నాలు పూడ్చారు, పట్టీ కొట్టారు, జాలీ బిగించారు. ఇత్తడి రేకు ఊడదీసి, గోడకి పడ్డ ఆరు కన్నాల్లోనూ గాజుపెంకులు కుక్కింది సత్యవాణి. సరిగ్గా రెండు వారాలు పట్టింది ఇల్లు ఇల్లవ్వడానికి.

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోను మోగింది. కాకినాడలోని మంత్రిగారి బంగ్లా నుంచి, పీఏ ఇంద్రజ మాట్లాడుతోంది. గున్నేశ్వరరావు ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. రేకు తీసేసిన సంగతి పైకి తెలిసిపోయిందనుకున్నాడు.

"మీతో కాదండి, మేడమ్‌గారితో మాట్లాడాలి," అంది ఇంద్రజ.

ఆయన ఫోను స్పీకర్లో పెట్టి భార్య ముందుంచాడు.

"అమ్మా, ఇది బయటికి రాకూడదు," అంది ఇంద్రజ లోగొంతుతో. "బంగ్లాలో ఎలుకల బాధ భరించలేకపోతున్నామండి. రాత్రి మంత్రిగారి కళ్ళజోడు తాడు కొరికేశాయి. కారు పంపిస్తాను, మీరొకసారి వచ్చి ఏం చేయాలో చూసి చెప్తారా?"

సత్యవాణి చారు కలుపుకుంది. "మీకు గడప రక్ష వాళ్ళు దగ్గర్లోనే ఉన్నారుగా, అమ్మా. వాళ్ళని పిలవకపోయారా?"

అవతల ఇంద్రజ ఎక్కడికో నడిచి, తలుపు మూసిన చప్పుడైంది.

"వాళ్ళని మాత్రం కాంపౌండులోకి అడుగు పెట్టనివ్వద్దన్నారండి, మంత్రిగారు."