మా పెరటి తుంగకు సన్మానం

పెరట్లో కలుపు లేని ఇల్లు నా దృష్టిలో ఇల్లే కాదు. ఆశ్చర్యపోకండి. ఇరవై ఏళ్లుగా పత్రికలో కాలమ్ రాస్తున్నవాణ్ణి, ఆలోచించకుండా ఏదీ అనను. అనేశాక ఆలోచించిన సందర్భాలు ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

తుంగనే తీసుకోండి. విత్తనం అడగదు, నీళ్లు అడగదు, ఎరువు అడగదు. ఇవాళ పీకితే మూడోనాటికి కొత్త ఆకుతో పలకరిస్తుంది. మన బంధువుల్లో ఇంత అభిమానం ఉన్నవాళ్లు ఎందరు? గోడ వారన, సిమెంటు పగుళ్లలో, చివరికి నేను చెప్పులు విడిచే చోట కూడా మొలిచింది. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే చెప్పుల్లోంచే వచ్చేది!

మందు కొట్టొచ్చు కదా అంటారు. కొట్టాను. నిరుడు ఓ సాయంత్రం స్ప్రే క్యాన్ నిండా కలుపు మందు కలిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పెరడంతా కొట్టాను. మర్నాడు అదే క్యాన్‌తో, కడగకుండా, మా ఆవిడ పెంచుకుంటున్న ఇరవై టమాటా మొక్కలకు ప్రేమగా నీళ్లు పోశాను. తుంగ నెల తిరక్కుండా కోలుకుంది. టమాటాలు కోలుకోలేదు.

మా ఆవిడ దర్జీ. రోజంతా కుట్టుమిషన్ మీద వంగి ఉండే మనిషికి పొద్దున్నే కాస్త ఊపిరి పీల్చుకునే చోటు ఆ ఇరవై మొక్కలే. వాడిపోయిన మొక్కల ముందు ఆమె నిలబడ్డ తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఇంకెప్పుడూ ఆ సీసా ఇంట్లోకి తేకండి. ఇద్దరం కలిసి చేత్తోనే తీసుకుందాం," అంది.

సరేనన్నాను. నా వంతుగా కాలమ్ రాశాను.

ఒకటేమిటి, వరసగా రాశాను. వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు పీకాలనీ, పగుళ్లలో మరిగే నీళ్లు పోయాలనీ, విత్తనం కట్టకముందే కోసెయ్యాలనీ. నేను వరండాలో కుర్చీలో కూర్చుని రాస్తుంటే, ఎదురుగా మా ఆవిడ పీట మీద కూర్చుని పీకుతూ ఉండేది. మందుల్లేని తోట ఇంత సులువని అంతకుముందు నాకే తెలియదు. ఇక కలుపు వరం కాకపోతే ఏమిటి?

ఈ ఏడు ఆమె మళ్లీ ఇరవై టమాటా మొక్కలు నాటింది. పాత పేపర్లు ఎనిమిది పొరలుగా తడిపి పరిచి, పైన ఎండుటాకులు కప్పితే వెలుతురు అందక కలుపు లేవదని ఎక్కడో చదివిందట. ఎక్కడో ఏమిటి, నేను రాసిందే. మరి ఇంట్లో పాత పేపర్లు ఎక్కడున్నాయి? అటక మీద, నా కాలమ్‌లు దాచుకున్న కట్టల్లో.

నేను ఊరెళ్లి వచ్చేసరికి నా ఇరవై ఏళ్ల కృషి టమాటాల మధ్య తడిసి పడుకుని ఉంది.

"మీ రాతలు భలే పనికొచ్చాయండీ," అంది మా ఆవిడ, నిజంగానే సంతోషంగా.

నెల గడిచింది. గడ్డీగాదం ఏదీ తలెత్తలేదు, ఒక్క చోట తప్ప. అక్కడ ఆకులు పక్కకు తోసి చూశాను. తుంగ ఎనిమిది పొరలూ చీల్చుకుని, పేపర్లో ఉన్న నా ఫొటోలో సరిగ్గా ముక్కు దగ్గర పైకి వచ్చింది. ఫొటో పక్కన ఆ వారం శీర్షిక ఇంకా చదవడానికి వీలుగానే ఉంది: 'ఇంటి పనిలో మగవాడి వాటా'.

మా ఆవిడా చదివింది. పీట నా వైపు జరిపి, చిన్న గునపం చేతికిచ్చింది.

"ఆకు లాగితే లాభం లేదండీ. కింద గడ్డ ఉంటుంది, అది తియ్యాలి."

ఆ ఒక్క గడ్డకు అరగంట పట్టింది. దాన్ని అంటుకుని ఇంకో రెండున్నాయి. టమాటాలు మాత్రం పూతకొచ్చాయి. ఈసారి వాటికేమీ కానివ్వను.

కలుపు వరమని ఇప్పటికీ అంటాను. కాకపోతే ఈ కాలమ్ నిలబడి రాస్తున్నాను. నడుము కూర్చోనివ్వడం లేదు.