మేస్త్రి ఓడిపోదామనుకున్న రోజు

ఆ రోజు పొద్దున్నే మిక్సింగ్ మేస్త్రి పళ్ళు తోముకుంటూ ఒక గట్టి నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ పని చెడగొట్టాలి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి నిర్ణయం ఇదే మొదటిసారి కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక రెండోసారి కూడా తోముకున్నాడు.

ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో ప్లాస్టిక్‌లో జనపనార కలిపి స్టూళ్ళు చేస్తారు. కిటుకంతా కలపడంలోనే ఉంది. మేస్త్రిది పాత పద్ధతి. రెండు వేడి రోలర్ల మధ్య ప్లాస్టిక్ కరుగుతుంటే గుప్పెడు గుప్పెడుగా నార వేసి, చూపుతోనే పాకం పట్టేస్తాడు. ఆరు నెలల కిందట వచ్చిన కుర్ర ఇంజనీరుది కొత్త పద్ధతి. స్క్రూ మిషన్‌లో అన్నీ పోసి, ఇంత వేగం, ఇన్ని నిమిషాలు అని మీటరు చూసి కలుపుతాడు. ఆ ఇంజనీరు ఎవరో కాదు, మేస్త్రికి స్వయానా అల్లుడు.

ఫ్యాక్టరీలో రెండు పద్ధతులకి చోటు లేదని ఓనరమ్మ ముందే తేల్చి చెప్పింది. "మూడింటికి వస్తాను. ఇద్దరి స్టూళ్ళ మీదా నేనే కూర్చుంటాను. ఏది నిలిస్తే ఆ పద్ధతే ఉంటుంది." ఆవిడ నిండైన మనిషి. ఆవిడ కూర్చుని లేచిన స్టూలుకి వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. మేస్త్రి ఓడితే గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ వేస్తారు. అల్లుడు ఓడితే మాత్రం ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు.

అల్లుడు ఓడకూడదు. అది మేస్త్రి మాట. కిందటేడు బాత్‌రూములో జారి మణికట్టు విరిగినప్పుడు సొంత తమ్ముళ్ళు ఫోన్లో అయ్యో పాపం అన్నారు. అల్లుడు మాత్రం ఆరు వారాలపాటు రోజూ పొద్దున్నే వచ్చి, బ్రష్ మీద పేస్టు వేసి, గడ్డం గీసి, చొక్కా గుండీలు పెట్టి వెళ్ళాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు. మేస్త్రికి ప్రతి రోజూ కళ్ళు చెమర్చేవి గానీ, థాంక్స్ చెబుదామంటే నోరు పెగిలేది కాదు. మామగారి హోదా అడ్డొచ్చేది. ఆ రుణం ఇలాగైనా తీరాలనుకున్నాడు.

ఎనిమిదింటికి ఎవరూ చూడకుండా తన వంతు నార మీద చెంబెడు నీళ్ళు చల్లాడు. తడి నార వేడి ప్లాస్టిక్‌లో పడితే ఆవిరి పుడుతుంది, లోపలంతా బుడగలే. ఇక ఆ స్టూలు నిలిచినట్టే అనుకుని, నార బాగా నానాలని స్టోరు గదిలో పది దాకా కాలక్షేపం చేశాడు. తిరిగొచ్చి ముట్టుకుంటే నార గలగలలాడుతోంది.

"నార చెమ్మగా కనిపించిందన్నయ్యా, పైకప్పు కారినట్టుంది," అంది ప్యాకింగ్ వదిన. అక్కడ అందరికీ ఆవిడ వదినే. "ఓవెన్లో పెట్టి గంటన్నర ఆరబెట్టాను. మీ అల్లుడే నేర్పాడులెండి. మీరు ఓడిపోతే మేం చూస్తూ ఊరుకుంటామా?"

"నీ మేలు మరిచిపోలేనమ్మా," అన్నాడు మేస్త్రి. ఆ మాట అనడానికి ఆయన పడ్డ కష్టం ఆవిడకి తెలియదు.

పోనీ, నారంతా ఒక్కసారే కుమ్మరిద్దాం, ఉండలు కట్టి చస్తుంది అనుకున్నాడు. రోలర్లు తిప్పాడు, ప్లాస్టిక్ కరిగింది. రెండు చేతులా నార ఎత్తబోయాడు. వేళ్ళు గుప్పెడే తీశాయి. పలచగా, దువ్వినట్టు పరిచాయి. మళ్ళీ గుప్పెడే తీశాయి. ఒసే చెయ్యీ, ఇవాళ ఒక్కరోజు నా మాట వినవే అని బతిమాలుకున్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు వింటుందా? చివరి పోగు దాకా సాపుగా వేసి గానీ ఆ చెయ్యి ఊరుకోలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. పన్నెండు నిమిషాల్లో ఆపాల్సిన రోలర్లని నలభై నిమిషాలు వదిలేస్తే నార తెగి, మాడి, పొట్టయిపోతుంది. మిషన్ అలాగే వదిలేసి క్యాంటీనుకి పోయి కూర్చున్నాడు. ముద్ద ముద్దనీ ముప్పైసార్లు నమిలాడు. గడియారం వంక చూస్తూ మజ్జిగ కూడా నమిలాడు.

అచ్చుల బాబాయి తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. స్టూళ్ళని అచ్చులో నొక్కే పని ఆయనది. "ఏం మేస్త్రీ, మతిమరుపు మొదలైందా? రోలర్లు తిరుగుతుంటే వదిలేసి వచ్చావు. సరిగ్గా పన్నెండో నిమిషంలో నేనే ఆపాను. అంతకి మించితే నార తెగిపోద్దని మీ అల్లుడు చెప్తూనే ఉంటాడు కదా. అచ్చులో పెట్టి నొక్కేశాను కూడా. నా కూతురి పెళ్ళికి పది రోజులు నా షిఫ్టు నువ్వే చేశావు. మర్చిపోతానా?"

చేసుకున్న పుణ్యం ఇలా వెంటపడి కొడుతుందని మేస్త్రి ఏనాడూ అనుకోలేదు.

మూడింటికి ఓనరమ్మ వచ్చింది. ముందు మేస్త్రి స్టూలు మీద కూర్చుంది. గట్టిగా కూర్చో తల్లీ అని మేస్త్రి లోపల్లోపల దండం పెట్టుకున్నాడు. స్టూలు కిమ్మనలేదు. ఆవిడ ఊగి చూసింది. వదినని పిలిచి అదే స్టూలు మీద పక్కన కూర్చోబెట్టుకుంది. అయినా స్టూలు కదల్లేదు. వదిన, బాబాయి మొహమొహాలు చూసుకుని మురిసిపోయారు.

తర్వాత అల్లుడి స్టూలు. చూడ్డానికి నున్నగా, ముచ్చటగా ఉంది. ఆవిడ జాగ్రత్త కొద్దీ ముందు చెయ్యి ఆనించి బరువు వేసింది. ఫెళ్ళున రెండు ముక్కలైంది. బాబాయి పట్టుకోబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆవిడ కూడా కింద పడేది.

"సరే, రోలర్లే ఉంటాయి," అంది ఓనరమ్మ ఊపిరి పీల్చుకుని. "బాబూ, ఇక నువ్వు..."

మేస్త్రి విరిగిన ముక్క చేతిలోకి తీసుకున్నాడు. విరిగిన చోట ఒక్క నారపోగూ పైకి తేలలేదు, పిండి ముద్దలా ఉంది. "మేడమ్, ఆగండి. దీనికి వేగం రెట్టింపు పెట్టాడు. నార పిండి పిండి అయిపోయింది. మీటరు చూడందే మంచినీళ్ళు తాగని మనిషి పొరపాటున పెట్టే వేగం కాదిది. ఎందుకు పెట్టావు బాబూ?"

అల్లుడు తలొంచుకున్నాడు. "నేను ఊళ్ళో ఇంకోచోట వెతుక్కుంటాను మామయ్యా. మీరు ఆ రోలర్లు వదిలి గేటు దగ్గర కూర్చుంటే నేను చూడలేను. నాన్న పోయాక నాకు ఈ పనిలో ఓనమాలు నేర్పిందీ, అన్నం పెట్టిందీ మీరే కదా."

మేస్త్రి చేతిలోని ముక్క కింద పెట్టేశాడు. ఇక దాచలేక నీళ్ళు చల్లడం దగ్గర్నుంచి మజ్జిగ నమలడం దాకా అంతా చెప్పేశాడు. "ఆ స్టూలు నాది కాదు మేడమ్. నార ఆరబెట్టడం, సమయానికి ఆపడం వీళ్ళకి నేర్పింది అతనే. నాది చెయ్యి ఒక్కటే. అదీ నా మాట వినకుండా చేసింది." తర్వాత అల్లుడి భుజం పట్టుకుని, ఏడాదిగా గొంతులో ఆగిపోయిన మాట అందరి ముందూ అనేశాడు. "ఆ ఆరు వారాలూ కన్నకొడుకులా నన్ను చూసుకున్నావు బాబూ. చాలా థాంక్స్."

వదిన కొంగుతో కళ్ళొత్తుకుంది. బాబాయి తుండుగుడ్డ అందుకున్నాడు. ఓనరమ్మ నిలిచిన స్టూలు మీదే మళ్ళీ కూర్చుంది.

"చెయ్యి మామది, లెక్క అల్లుడిది. రెండూ కలిస్తేనే ఇది నిలిచింది. రోలర్ల దగ్గర ఇద్దరూ ఉండండి," అంది. "పని చెడగొట్టబోయి ఇద్దరూ ఉద్యోగాలు నిలబెట్టుకున్నారు. రేపట్నుంచి బాగా చేద్దామని మాత్రం అనుకోకండి."