కుడివైపు సీటు

శనివారం పొద్దున ఈశ్వరరావు అనుకున్న పని చాలా చిన్నది. పక్కింటి నెవిల్ కారును షెడ్డులోంచి తీసి, ఒకసారి వీధి తిప్పి, మళ్ళీ షెడ్డులో పెట్టేయాలి. తుంటి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరుతూ నెవిల్ తాళాలు అతని చేతిలో పెట్టాడు. "అప్పుడప్పుడు తిప్పకపోతే బ్యాటరీ పడిపోతుంది. చిన్న రౌండు చాలు" అన్నాడు.

అది ఎనభై అయిదు నాటి బ్యూక్ రివియెరా. ముదురు ఎరుపు రంగు, మంచమంత బోనెట్, పొడవాటి తలుపులు రెండే, లోపల మఖమల్ సీట్లు. అమెరికా బండి కాబట్టి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఇన్నేళ్ళయినా ఒంటిమీద గీత పడలేదు. న్యూజిలాండ్‌లోని మౌంట్ రాస్కిల్‌కి కొత్తగా వచ్చి, ఈశ్వరరావు ఇంకా కారు కొనని రోజుల్లో, బాలింత అయిన భార్య మంగాదేవినీ పసిగుడ్డునూ ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చింది ఆ కారే. అందుకని అతను దాని తలుపు కూడా చప్పుడు కాకుండా వేసేవాడు.

"ఎలాగూ తిప్పుతున్నారుగా, శాండ్రింగ్‌హామ్ మనవాళ్ళ కొట్టు దాకా పోనివ్వండి. కరివేపాకు అయిపోయింది" అంటూ మంగాదేవి కుడివైపు సీట్లో కూర్చుంది. ఆ సీటు మెత్తదనానికి వీధి మలుపు తిరగకముందే ఆమెకు కళ్ళు మూతలు పడ్డాయి.

బస్ స్టాపులో నిలబడ్డ కుటుంబ స్నేహితుడు జనార్ధనరావు ఆ దృశ్యం చూశాడు. న్యూజిలాండ్‌లో కుడివైపు కూర్చున్న మనిషే బండి నడుపుతుంది. ఆ ప్రకారం మంగాదేవి కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అంత పొడవు కారును సిగ్నల్ దాటించుకుని వెళ్ళిపోయింది. పక్కన మొగుడు బిగుసుకుపోయి కూర్చున్నాడు.

జనార్ధనరావు ఇంటికెళ్ళగానే మంగాదేవికి ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, ఇందాక మిమ్మల్ని కారులో చూశాను. భయం వెయ్యలేదా?"

"భయమెందుకు అన్నయ్యగారూ. ఉయ్యాల్లో కూర్చున్నట్టుంది. మనం చేసేదేం లేదు, దానంతటదే పోతున్నట్టుంది."

"దానంతటదే?"

"అవునండీ. నాకైతే నిద్ర పట్టేసింది."

జనార్ధనరావు సాఫ్ట్‌వేర్ మనిషి. ఇంతకంటే వివరం అతనికి అక్కర్లేదు. ఈశ్వరరావు అమెరికా నుంచి డ్రైవర్ అక్కర్లేని కారు తెప్పించాడన్న వార్త సాయంత్రానికల్లా ఊరికి అవతలి చివరనున్న బోటనీ డౌన్స్ దాకా చేరింది. పైకి పాతబండిలా చేయించింది దొంగల భయంతోనట.

మర్నాడు పొద్దున్నే జనార్ధనరావు తల్లి రాజేశ్వరమ్మను వెంటబెట్టుకుని దిగాడు. ఆవిడ రాజమండ్రి నుంచి వచ్చినప్పటినుంచీ గుమ్మం దాటలేదు.

"మావాడు నడుపుతుంటే నాకు గుండెదడ నాయనా. ఎవరూ నడపని బండి ఉందంటే వచ్చాను" అంది.

ఈశ్వరరావుకు విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఎడమవైపు తలుపు తీసి స్టీరింగ్ చూపించాడు. జనార్ధనరావు ముఖం చిన్నబోయింది. ఈలోగా రాజేశ్వరమ్మ కుడివైపు ఎక్కి, జపమాల తీసి సర్దుకుని కూర్చుంది.

"మనిషే నడుపుతాడట అమ్మా, దిగు" అన్నాడు కొడుకు.

"నడపనీ. నువ్వు కాకపోతే చాలు."

పెద్దావిడ నోరు తెరిచి అడిగింది. కాదనడం ఈశ్వరరావు వల్ల కాలేదు. వెనక సీట్లోకి వెళ్ళాలంటే ముందు సీటు వంచాలి. అలా వంచి జనార్ధనరావునూ మంగాదేవినీ లోపలికి పంపి, భయంభయంగా బయల్దేరాడు.

రాజేశ్వరమ్మ కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టింది. పక్క లైనులో వెళుతున్న ఎవరో అది చూసి పోలీసులకు ఫోన్ చేశారు.

వెనక ఎర్రదీపం, నీలిదీపం వెలిగాయి. ఈశ్వరరావు బండి పక్కకు ఆపాడు. పోలీసు అమ్మాయి కుడివైపు కిటికీ దగ్గరకొచ్చి లైసెన్స్ అడిగింది. రాజేశ్వరమ్మ కళ్ళు తెరిచి, సంచీలోంచి అరటిపండు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ప్రసాదం. కళ్ళకద్దుకుని తిను."

పోలీసు అమ్మాయి పండు పట్టుకుని స్టీరింగ్ కోసం వెతికింది. అది అవతలివైపు కనబడ్డాక, చుట్టూ తిరిగి ఈశ్వరరావు దగ్గరకొచ్చింది.

"కారు మీదేనా?"

"కాదు. పక్కింటాయనది. ఆసుపత్రిలో ఉన్నారు."

"మీరు దీన్ని తీశారని ఆయనకు తెలుసా?"

"చిన్న రౌండుకి తెలుసు" అన్నాడు ఈశ్వరరావు. ఇన్నేళ్ళ స్నేహం ఇవాళ్టితో సరి అనిపించింది. నెవిల్ నంబరు అడిగితే ఇచ్చాడు. ఆమె స్పీకర్ పెట్టి సంగతి చెప్పింది.

"ముందు సీట్లో ఎవరున్నారు?" అన్నాడు నెవిల్.

"ఒక పెద్దావిడ. కళ్ళు మూసుకుని కూర్చుంది."



"డోరీన్ కూడా అక్కడ అలాగే కూర్చునేది" అన్నాడు నెవిల్. "నా డ్రైవింగ్ చూడలేక."

నెవిల్ భార్య పోయినప్పటినుంచీ ఆ కారు వీధి దాటలేదు. "మధ్యాహ్నం దాన్ని ఒకాయనకు అమ్మడానికి బేరం ఖాయం చేయాలి. ఈ కాలితో నేనింక నడపలేనుగా. ఒక్కసారి ఇటు తీసుకొస్తారా, చూసుకుంటాను" అని అడిగాడు.

దారి చూపిస్తానంటూ పోలీసు కారు ముందు నడిచింది. అంత మర్యాద జనార్ధనరావు జన్మలో ఎరగడు.

నర్సు నెవిల్‌ను చక్రాల కుర్చీలో బయటికి తెచ్చింది. ఈశ్వరరావు క్షమాపణ మొదలుపెట్టేలోపే అతను చెయ్యి పట్టుకున్నాడు.

"ఎండలోకి తెచ్చినందుకు థాంక్స్. షెడ్డులో దాన్ని చూస్తే నాకు దిగులుగా ఉండేది. ఇలా నిండుగా చూసి ఎన్నాళ్ళయిందో."

"మా పాపను ఇంటికి తెచ్చింది ఇందులోనే. మీకు సరిగ్గా థాంక్స్ చెప్పనేలేదు" అంది మంగాదేవి.

"ఆ రోజు బండిని నత్తలా నడిపాను. అంత చిన్న ప్రయాణికురాలిని ఎప్పుడూ ఎక్కించుకోలేదు" అన్నాడు నెవిల్.

రాజేశ్వరమ్మకు భాష అర్థం కాలేదు కానీ, ఆయన తన సీటు వైపు చూస్తున్నాడని అర్థమైంది. మెల్లగా దిగి, రమ్మన్నట్టు సీటు తట్టింది. నర్సూ ఈశ్వరరావూ పట్టుకుని ఆయన్ని కూర్చోబెట్టారు. సొంత కారులో నెవిల్ కుడివైపు కూర్చోవడం అదే మొదటిసారి. చెయ్యి చాచి మఖమల్ నిమిరి, కొనే ఆయనకు ఫోన్ చేసి రావద్దన్నాడు. ఈశ్వరరావు నడుపుతానంటే, ఆదివారాలు ఇద్దరూ సముద్రం దాకా వెళదామన్నాడు.

ఈశ్వరరావు సరేనని తల ఊపాడు.

నెవిల్ అనుకున్నదానికంటే ముందే కర్ర పట్టుకుని నడిచాడు. అది ఫిజియోథెరపీ మహిమేనని డాక్టర్లు ఇప్పటికీ నమ్ముతున్నారు.