అభయ చెరువు

ఇకమీదట మా వీధి వెనక చెరువులో ఎవరూ ఎవరినీ తినకూడదని పర్యావరణ శాఖ మంత్రిగారు ప్రకటించారు.

అంత దయగల ప్రకటన పుట్టిన చోట నేనూ ఉన్నాను. అవగాహన సదస్సుకి వీధి సంఘం తరఫున నన్ను పిలిచారు. అధికారిగారు ఆహార గొలుసు బొమ్మ చూపించి, నాచుని దోమ పిల్లలు తింటాయని, వాటిని చేపలు, చేపల్ని కొంగలు తింటాయని వివరించారు. మంత్రిగారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"ఈ అడుగునున్నవాళ్లని ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదా?"

"అది ప్రకృతి సమతుల్యం సార్."

"పెద్దవాడు చిన్నవాణ్ణి మింగడం సమతుల్యమా? మన ప్రభుత్వం ఉండగానా?"

అధికారిగారు ఆ మాట వెంటనే వెనక్కి తీసుకున్నారు. రోజూ దీపం పెట్టుకునేవాణ్ణి, హింస వద్దంటే నేను కాదంటానా? కాకపోతే, చేపకి ఆ నోరిచ్చిన దేవుడు ఏమీ ఆలోచించకుండానే ఇచ్చాడా అని చిన్న సందేహం వచ్చింది. చప్పట్ల మధ్య అడగడం బాగుండదని ఊరుకున్నాను.

మర్నాడే చేపల్నీ కప్పల్నీ వలలతో పట్టి, ఆఫీసు ఆవరణలోని సిమెంటు తొట్టిలో వేశారు. అక్కడ వాటికి గోధుమపిండి ఉండలు పెడుతున్నారు. కొంగల్ని అదిలించడానికి ఇద్దరు ఉద్యోగులకి డప్పులిచ్చారు. గట్టు మీద బోర్డు వెలసింది: "అభయ చెరువు. ఇచ్చట చిరుప్రాణులు నిర్భయముగా పెరుగును."

పెరిగాయి. సాయంత్రమైతే ఇంట్లో నోరు తెరిచి మాట్లాడటానికి లేదు. ఎదురింటాయన జ్వరంతో ఆస్పత్రిలో చేరాడు. నెలలు నిండిన మా అమ్మాయి మా దగ్గరే ఉంది. ఈ సమయంలో దోమ కుట్టి జ్వరమొస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బజారంతా తిరిగినా దోమతెర దొరకలేదు.

"సదస్సుకి వెళ్లి చప్పట్లు కొట్టొచ్చారుగా," అంది మా ఆవిడ. "ఇప్పుడు వెళ్లి మన పిల్ల సంగతి కూడా చెప్పండి."

వెళ్లాను.

"దోమలు మావి కావండీ," అన్నారు అధికారిగారు. "నీళ్లలో ఉన్నన్నాళ్లే మావి. రెక్కలొచ్చాయా, ఆరోగ్య శాఖవి."

ఆరోగ్య శాఖవారు ఇంకా మర్యాదస్తులు. కుర్చీ వేసి మరీ చెప్పారు.

"రెక్కలొచ్చాక మాకు దొరకవు పెద్దాయనా. రాకముందు ముట్టుకుంటే పర్యావరణ శాఖ కేసు పెడుతుంది."

ఇంతలో, చెరువులో ప్రాణుల సంఖ్య అనూహ్యంగా పెరిగినందుకు గట్టు మీదే విజయోత్సవ సభ పెట్టారు. వేదికకి నాలుగు వైపులా తెల్లని దోమతెర కట్టారు. లోపలినుంచి మంత్రిగారు ప్రసంగించారు. బయట కూర్చున్నవాళ్లం చేతుల మీదా, చెంపల మీదా, ఒకరి వీపు మీద ఒకరం చరుచుకుంటున్నాం. తన జీవితంలో ఇన్ని చప్పట్లు వినలేదని మంత్రిగారు గద్గదస్వరంతో చెప్పి, ప్రసంగం మరికాస్త పొడిగించారు.

సభ ముగిశాక అధికారిగారి దగ్గరికి వెళ్లి చేతులు జోడించాను.

"బాబూ, సభ అయిపోయిందిగా. ఆ తెర ఇప్పించండి. మా అమ్మాయికి పురుడు రాగానే ఉతికి తెచ్చిస్తాను."

తెర మడత పెట్టిస్తున్న అధికారిగారు నావంక ఎంతో జాలిగా చూశారు.

"ఇవ్వాలనే ఉందండీ. కానీ రేపు పక్క ఊళ్లో ఇంకో అభయ చెరువు ప్రారంభం."